బరంపురం పచ్చళ్ల కొట్టు బిల్లులు: మార్కెటింగ్ అనలిటిక్స్ బోధనపై ఒక కేస్ స్టడీ

మార్కెటింగ్ అనలిటిక్స్, అంటే అమ్మకాల లెక్కలు చూసి వ్యాపార నిర్ణయాలు తీసుకోవడం, నేర్పేవాళ్లలో చాలామంది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక ఫైలుతో మొదలుపెడతారు. బ్రిటన్‌లో కానుక వస్తువులు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం బిల్లులవి. 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 దాకా మొత్తం 5,41,909 వరుసలు. వాటిలో దాదాపు నాలుగో వంతుకు కొనుగోలుదారు నంబరు ఉండదు. విద్యార్థులు ఆ వరుసల్ని ఒక్క కమాండుతో తీసిపారేసి ముందుకు పోతారు. ఆ నాలుగో వంతు ఎవరు, నంబరు ఎందుకు లేదు అని అడిగేవారుండరు. అడిగినా చెప్పడానికి ఆ దుకాణంవాళ్లు ఎదురుగా లేరు. ఊరు తెలియదు, సరుకు తెలియదు, పండగలు తెలియవు. తప్పు జవాబు వచ్చినా అది తప్పని తట్టే దారి లేదు.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చదువుకునే తెలుగు పిల్లలకు ఇంతకంటే మంచి సామగ్రి వీధి చివరే ఉంది. బరంపురం పట్టుకు ఎంత పేరో పచ్చళ్లకు, అప్పడాలకు కూడా అంతే పేరు. అలాంటి ఒక కొట్టు రెండేళ్ల బిల్లులను ఆధారం చేసుకుని, 15 వారాల సెమిస్టరుకు సరిపోయేలా రూపొందించిన కేసు ఇది. బీబీఏ చివరి ఏడాదికి, ఎంబీఏ రెండో సెమిస్టరుకు సరిపోతుంది. కొట్టు ఊహించి కట్టినదే, అంకెలు లెక్క తేలిగ్గా పట్టుబడేలా పెట్టినవే. ఫైలులోని తప్పులు మాత్రం ఇలాంటి కొట్ల బిల్లుల్లో రోజూ కనిపించేవి. ఆ తప్పులే ఈ కోర్సుకు అసలు పాఠ్యాంశం. 15 వారాల్లో మొదటి 7 వారాలు పట్టిక కట్టడానికే పోతాయి. ఎక్కువని కొందరు అధ్యాపకులు అంటారు, తక్కువేనని మా అభిప్రాయం.

కొట్టు, కొట్టువారి ప్రశ్న

కొట్టులో ఆవకాయ, మాగాయ, గోంగూర, నిమ్మ, మిక్స్‌డ్ పచ్చడి, అప్పడాలు, వడియాలు, సాబూదానా అప్పడాలు, కలిపి 26 రకాలు అమ్ముతారు. చిల్లర అమ్మకం కౌంటరు దగ్గర. టోకు అమ్మకం ఊళ్లోని కిరాణా కొట్లకూ, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు కొట్లకూ. రెండు ఆర్థిక సంవత్సరాలు, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా, సుమారు 9,000 బిల్లులు, 22,000 వరుసలు.

ఫైలు చేతికివ్వకముందే ప్రశ్న ఇవ్వాలి. యజమాని అడిగేది ఇదీ: దసరాకు ముందు, కొన్నాళ్లుగా రాని పాత ఖాతాదారులకు 10 శాతం తగ్గింపు మెసేజ్ పంపనా, వద్దా? పంపితే ఎవరికి? దీనికి అవును, కాదు అన్న జవాబు ఉంది, దాని వెనక డబ్బు ఉంది, గడువు ఉంది. ‘డేటాను విశ్లేషించి అంతర్దృష్టులు తెలపండి’ అని ఇస్తే 40 గ్రాఫులు వస్తాయి, నిర్ణయం ఒక్కటీ రాదు.

నలుగురేసి జట్లు కట్టించాలి. ఒక్కో జట్టులో ఒడియా లిపి ధారాళంగా చదవగలిగినవారు ఒకరు, తెలుగు లిపి చదవగలిగినవారు ఒకరు ఉండి తీరాలి. ఈ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, తెలుగు అక్షరాలు రాని పిల్లలు చాలామంది ఉంటారు. ఈ షరతు వాళ్లను పక్కన పెట్టడానికి కాదు, ఫైలులో రెండు లిపులూ ఉన్నాయి గనక. ప్రతి జట్టుకూ కనీసం ఒక కంప్యూటరు కావాలి. ఫోనులో చదవచ్చు, వ్యాఖ్యలు రాయొచ్చు, పివట్ (వరుసల్ని కోరినట్టు కూడి సారాంశం చూపే ఎక్సెల్ పట్టిక) పని మాత్రం సాగదు.

ఫోన్ నంబర్లు తీసేశాకే ఫైలు

అసలు కొట్టు నుంచి బిల్లులు తెచ్చుకునే కాలేజీలు ముందుగా చేయాల్సిన పని ఇది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని క్లాసులో ఒక పాఠంగా చెప్పి, అదే క్లాసులో ఖాతాదారుల నంబర్లను వాట్సాప్ గ్రూపులో పంచితే ఆ పాఠానికి విలువ లేదు. కొట్టులోని కంప్యూటరు మీదే ప్రతి నంబరుకూ 1 నుంచి వరుస సంఖ్య ఇచ్చి, జత చూపే పట్టికను యజమాని దగ్గరే ఉంచాలి. హ్యాష్ చేస్తే, అంటే నంబరును ఒక సూత్రంతో గజిబిజి అక్షరాలుగా మార్చేస్తే చాలనుకుంటారు, చాలదు. మన మొబైల్ నంబర్లు 10 అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. ఉన్నవే 400 కోట్లు. మామూలు ల్యాప్‌టాప్ మీద అన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చి చూస్తే అసలు నంబరు బయటపడుతుంది.

పిన్ కోడ్ ఉంచాలి. 760, 761తో మొదలైతే గంజాం వైపు, 532 అయితే శ్రీకాకుళం వైపు. టోకు బిల్లుల్లో జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు కూడా ఇదే చెప్తాయి: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ రెండంకెలు వేరే గడిలో పెట్టుకుని మిగతా నంబరు తీసేయవచ్చు.

పట్టిక కట్టడం

మొదటి నియమం: వచ్చిన ఫైలును ముట్టుకోకూడదు. దాన్ని ‘ముడి’ అనే షీట్‌లో తాళం వేసి ఉంచి, మార్పులన్నీ రెండో షీట్‌లో చేయాలి. రెండో నియమం: ప్రతి అడుగు తర్వాత మొత్తాన్ని కొట్టు చిట్టాతో సరిచూడాలి. నెలవారీ అమ్మకం చిట్టాలో ఎంతుందో పట్టికలోనూ అంతే రావాలి. తేడా వస్తే పైసలతో సహా ఎందుకో రాయాలి. ఇప్పుడు చాట్‌బాట్ అడిగిన కోడ్ అంతా రాసిస్తోంది. అది చేసిన పని సరైనదో కాదో చూడటానికి విద్యార్థి చేతిలో ఉన్న ఒకే గట్టి సాధనం ఈ సరిచూపు. కోడ్ ఎవరు రాశారన్నది మాకు పట్టదు, చిట్టాతో కుదిరిందా అన్నదే చూస్తాం.

తేదీల దగ్గర దాదాపు అన్ని జట్లూ పడతాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రోజు-నెల-సంవత్సరం క్రమంలో రాస్తుంది. ల్యాబ్ కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే ఎక్సెల్ దాన్ని నెల-రోజు క్రమంలో చదువుతుంది. 05-04-2025 మే 4 అయిపోతుంది. 14-06-2025ను మాత్రం 14వ నెల లేదు కాబట్టి మార్చలేక అక్షరాలుగానే వదిలేస్తుంది. ఫలితంగా నెలలో 13 నుంచి చివరిదాకా ఉన్న తేదీలన్నీ, అంటే వరుసల్లో దాదాపు 60 శాతం, తేదీలుగా గుర్తింపు పొందవు. మిగిలిన 40 శాతంలో 1-1, 2-2 లాంటివి తప్ప అన్నీ తప్పు నెలలోకి దూకుతాయి. పివట్ ఏ హెచ్చరికా ఇవ్వదు, గ్రాఫ్ అందంగానే వస్తుంది. పట్టుకోవడం తేలికే: తేదీ నిలువు వరుసలో సంఖ్యల్ని లెక్కించే కౌంట్, ఖాళీగా లేని గళ్లన్నిటినీ లెక్కించే కౌంట్ఏ రెండూ వేసి చూడాలి. రెండూ ఒకటి కాకపోతే ఆగాలి. సరిచేయడానికి, ఫైలును దిగుమతి చేసేటప్పుడే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా తీసుకుని, ఎడమ రెండు అంకెలు రోజుగా, నడిమి రెండు నెలగా, కుడి నాలుగు ఏడాదిగా డేట్ ఫంక్షన్‌కు అందించాలి. ఎక్సెల్ పాడుచేసిన తేదీల్ని తర్వాత బాగుచేయబోతే గందరగోళం రెట్టింపవుతుంది.

లిపి సంగతి. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు, ఒడియా అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ’ ద్వారా తెరిచి, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. పిచ్చి గుర్తులతో ఒకసారి సేవ్ చేశారంటే ఆ అక్షరాలు ఇక తిరిగి రాకపోవచ్చు. ముడి షీట్‌ను ముట్టుకోవద్దనడం ఇందుకే.

వస్తువుల పేర్లు 26 ఉండాల్సిన చోట 140 దాకా ఉంటాయి. కౌంటరు దగ్గర ముగ్గురు టైపు చేస్తే మూడు రకాలు: ఆవకాయ, అవకాయ, అంబ ఆచార, మ్యాంగో పికిల్, ‘మ్యాంగో హాట్’, వాట్సాప్ ఆర్డరు నుంచి అతికించిన ఒడియా లిపి పేర్లు. వీటిని ఫైండ్, రీప్లేస్‌తో మార్చుకుంటూ పోకూడదు, ఎక్కడ ఏం మారిందో ఎవరికీ గుర్తుండదు. రెండు నిలువు వరుసలతో ఒక జతల పట్టిక పెట్టాలి: బిల్లులో ఉన్న పేరు, మనం స్థిరపరిచిన పేరు. పట్టికలో వెతికి జత విలువను తెచ్చే వీలుకప్ ఫంక్షన్‌తో తెచ్చుకోవాలి. దొరకని పేరుకు తప్పు గుర్తు వస్తుంది, అదే మంచిది. అంబ ఆచార అంటే ఆవకాయా, బెల్లం వేసిన తీపి పచ్చడా అన్నది జట్టు ఊహించకూడదు. ధర చూడాలి, అప్పటికీ తేలకపోతే యజమానిని అడగాలి. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, తేదీతో సహా నోట్స్ షీట్‌లో రాయాలి.

కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లు వీలుకప్‌కు వేరుగా కనిపించడం మరో తలనొప్పి. ‘మిక్స్‌డ్’ లాంటి మాటల్లో అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డు కనిపించని గుర్తు ఒకటి వేస్తుంది. ఒకరి కీబోర్డు వేస్తుంది, ఇంకొకరిది వేయదు. ఎక్సెల్‌లో అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ దాన్ని తీయదు, కనిపించని గుర్తులు తీసే క్లీన్ కూడా తీయదు. ఆ గుర్తును (యూనిచార్ 8204) సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో తీసేయాలి. వెబ్ పేజీ నుంచి అతికించిన పేర్లలో వచ్చే విడదీయని ఖాళీ, అంటే 160వ గుర్తు, ట్రిమ్‌కు లొంగదు, దాన్నీ అలాగే తీయాలి. ఈ రెండూ తెలియక జట్లు మధ్యాహ్నమంతా ఒకే గడి దగ్గర కూచుంటాయి. ఇది ముందే చెప్పేయడం మేలు, దీనితో కుస్తీ పట్టడం వల్ల మార్కెటింగ్ ఏమీ రాదు.

తూకాలు: పచ్చడి పావు కిలో, అరకిలో, కిలో. అప్పడాలు 25, 50, 100 చొప్పున ఉన్న కట్టలు. ‘పరిమాణం’ అనే నిలువు వరుసను అలాగే కూడితే గ్రాములూ అప్పడాలూ కలిసిపోయిన అర్థంలేని సంఖ్య వస్తుంది. పచ్చళ్లకు గ్రాములు, అప్పడాలకు లెక్క అని రెండు నిలువు వరుసలు విడిగా పెట్టాలి.

డబ్బు నిలువు వరుస ఇంకా ముఖ్యం. అప్పడానికి జీఎస్టీ లేదు. పచ్చడికి 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం అయింది. పన్ను ముందు ధర 200 రూపాయలనుకుంటే బిల్లులో 224 ఉన్నది 210కి దిగుతుంది. కొనేవారు ఒక్కరు తగ్గకపోయినా, ఒక్క గ్రాము తగ్గకపోయినా పచ్చడి బిల్లు సగటు 6.25 శాతం పడిపోతుంది. పన్నుతో కలిపిన మొత్తం మీద ట్రెండ్ గీసిన జట్టు ‘అమ్మకాలు మందగించాయి’ అని రాస్తుంది. కాబట్టి విశ్లేషణ అంతా పన్ను ముందు విలువ మీదే జరగాలి.

ఫైలులో ‘అత్యుత్తమ ఖాతాదారు’ ఒకరు కనిపిస్తారు. రెండేళ్లలో 1,100 సార్లు కొన్నారు, సోమవారం నాలుగుసార్లు, మంగళవారం మూడుసార్లు. ఫోన్ నంబరు ఇవ్వడం ఇష్టంలేని కొనుగోలుదారు వచ్చినప్పుడల్లా కౌంటరు కుర్రాడు కొట్టు నంబరే కొట్టేశాడు. ఈ వరుసను పట్టుకోని జట్టు మిగతా లెక్కంతా వృథా. పట్టుకోవడానికి చిట్కా: ఏ ఖాతాదారైనా వారంలో మూడు రోజులకు మించి వస్తే ఆ వరుసలు కంటితో చదవాలి. పచ్చడి పాలప్యాకెట్టు కాదు, రోజూ కొనరు.

అరువు వసూళ్లు యూపీఐలో పడిన రోజున అమ్మకంగా లెక్కపెట్టడం, రద్దయిన బిల్లుల్ని తుడిచేయడం వల్ల బిల్లు నంబర్లలో ఖాళీలు రావడం కూడా ఉంటాయి. ఇవి చిట్టాతో సరిచూసేటప్పుడు వాటంతట అవే బయటపడతాయి.

పంచాంగం పట్టిక

ఇంగ్లీషు నెలలతో పచ్చళ్ల అమ్మకాన్ని కొలిస్తే ఏమీ తేలదు. ప్రతి రోజుకూ ఒక వరుస ఉండే క్యాలెండరు షీట్ కట్టించాలి, 730 వరుసలు. తేదీ, వారం, తెలుగు మాసం, ఒడియా మాసం, పండగ, కొట్టు మూసిన రోజు, తుపాను లేదా బంద్. ఇది మామూలు గుమస్తా పనిలా కనిపిస్తుంది గానీ కోర్సు మొత్తంలో విద్యార్థుల తెలివి ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ఇంటి నుంచి తెచ్చిన జ్ఞానం తొలిసారి లెక్కలోకి వస్తుంది.

మన కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడు మొదలవుతుంది. ఒడియావారి కార్తీకం అంతకు పదిహేను రోజుల ముందే, కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పున్నమి) మర్నాడే మొదలై కార్తీక పున్నమితో ముగుస్తుంది. ఆ నెలలో చాలామంది చేపా మాంసం ముట్టరు. ఊళ్లో రెండు జనాలూ కొంటారు కాబట్టి ‘కార్తీకం ప్రభావం’ అని ఒకే నిలువు వరుస పెడితే సరిపోదు, రెండు కావాలి. బరంపురం ఠాకురాణీ యాత్ర (ఊరి అమ్మవారి జాతర) రెండేళ్లకోసారి వస్తుంది. కిందటేడాదితో ఈ ఏడాది పోలిస్తే యాత్ర ఉన్న ఏడాది పెరిగినట్టూ, లేని ఏడాది పడిపోయినట్టూ కనిపిస్తుంది. జూన్ నడుమ రజ పండగ మూడు రోజులు సౌరమానం కనక కదలదు. దసరా, దీపావళి కదులుతాయి. అక్టోబరు తుపాన్లు ఈ తీరానికి కొత్త కాదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అక్టోబరు రెండో వారంలోనే. కరెంటు లేక బిల్లు కొట్టని రోజుల్ని సున్నా అమ్మకంగా తీసుకోకూడదు, ఖాళీగా వదలాలి.

దసరా కదలడం, పన్ను మారడం కలిసి ఈ ఫైలులో ఒక చక్కటి ఉచ్చు ఉంది. 2024లో విజయదశమి అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న. 2025 నవరాత్రులు సెప్టెంబరు 22న మొదలయ్యాయి, పచ్చడి పన్ను తగ్గింది కూడా ఆ రోజే. సెప్టెంబరు అమ్మకం బాగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక జట్టు పన్ను తగ్గడం వల్ల అంటుంది, ఇంకొకటి దసరా వల్ల అంటుంది. పచ్చడి అమ్మకం ఒక్కటే చూస్తూ ఈ వాదం తేల్చలేం. అప్పడం తేలుస్తుంది: దసరా దానికీ ఉంది, పన్ను మార్పు లేదు.

లెక్క ఇలా. ముందు తేదీలతో కాక, విజయదశమికి ముందు 14 రోజులు అని కిటికీ పెట్టుకోవాలి. పచ్చళ్లు 2024లో 240 కిలోలు, 2025లో 276 కిలోలు, పెరుగుదల 15 శాతం. అప్పడాలు 400 కట్టల నుంచి 440కి, 10 శాతం. పన్ను మారకపోయినా పచ్చళ్లు కూడా అప్పడాలంతే పెరిగేవనుకుంటే, పన్ను తగ్గడానికి దక్కేది 5 శాతం పాయింట్లే. ఆ ‘అనుకుంటే’ ఎంత బలమైనదో వెనకటి పండగల్లో చూసి చెప్పమనాలి: ఉగాదికి, సంక్రాంతికి రెండూ కలిసి పెరిగాయా? మరో అనుమానం కూడా ఉంది. 2025 కిటికీ సెప్టెంబరు 18న మొదలవుతుంది, అంటే తొలి నాలుగు రోజులు పాత పన్ను కిందివే. ఆ రోజుల్లో ‘రేటు తగ్గాక కొందాం’ అని ఆగినవారు 22 తర్వాత ఒక్కసారిగా వచ్చి ఉండొచ్చు. దీన్ని తనంతట తాను లేవనెత్తిన విద్యార్థికి ఈ భాగంలో పూర్తి మార్కులు ఇచ్చేయొచ్చు.

ఎవరు రావడం మానేశారు?

ఆర్‌ఎఫ్‌ఎం పద్ధతి పుస్తకంలో తేలిక: చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, ఎంతకు కొన్నారు. ఒక్కోదాన్ని ఐదు సమాన భాగాలుగా కోసి 1 నుంచి 5 స్కోరు ఇవ్వాలి. చిన్న కొట్టులో ఇది నిలవదు. నంబరున్న 1,400 మందిలో 800 మంది ఒక్కసారే కొన్నారు. ‘ఎన్నిసార్లు’ అన్నదాన్ని ఐదు సమాన భాగాలు చేయబోతే ఒకే సంఖ్య ఉన్నవాళ్లు 1, 2, 3 స్కోర్లలోకి చెదిరిపోతారు. ఎక్సెల్ ఏదో ఒక క్రమంలో పంచేస్తుంది, ఆ క్రమానికి అర్థం లేదు. కోతలు చేత్తో పెట్టాలి: ఒకసారి, 2 నుంచి 3, 4 నుంచి 7, 8 లేదా అంతకు పైన. కోతకు కారణం సరుకు వాడకంలో ఉండాలి, ఫార్ములాలో కాదు.

‘రావడం మానేశారు’ అనేందుకు 90 రోజులు అని గీత గీయడం ఇంకో అలవాటు. వేసవిలో ఏడాదికి సరిపడా ఆవకాయ ఐదు కిలోలు కొనుక్కునే ఇల్లు ఆ గీత ప్రకారం జులై నుంచి ‘పోయిన ఖాతాదారు’. రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు కొన్న 600 మందికి ఎవరి సొంత విరామం వారికి లెక్కకట్టాలి. వరుస కొనుగోళ్ల మధ్య రోజుల మధ్యగతం తీసుకుని, దానికి రెట్టింపు దాటితేనే మానేసినట్టు.

గంజాంలో దీనికి మరో మెలిక ఉంది. ఈ జిల్లా నుంచి సూరత్ మగ్గాల పనికి వెళ్లినవారు ఇంటింటికీ కనిపిస్తారు. పండగకు వస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు పెద్ద బిల్లు చేస్తారు, మళ్లీ నెలల తరబడి కనిపించరు. ఆర్‌ఎఫ్‌ఎం వాళ్లను ‘విలువైనవారు, చేజారుతున్నారు’ అనే గడిలో పెడుతుంది, పుస్తకం చెప్పినట్టు మొట్టమొదటి తగ్గింపు మెసేజ్ వాళ్లకే వెళ్తుంది. ఆగస్టులో సూరత్‌లో ఉన్నవారికి బరంపురం కౌంటరు తగ్గింపు ఎందుకు? పైగా వాళ్లు దసరాకు ఎలాగూ వస్తారు, పూర్తి ధరకే కొంటారు. కొనుగోళ్లన్నీ పండగ కిటికీల్లోనే ఉన్నవారిని క్యాలెండరు షీట్ సాయంతో విడిగా గుర్తించి పక్కన పెట్టాలి.

బుట్ట లెక్క

ఏది కొంటే దానితో ఏది కొంటారు అన్నది విద్యార్థులకు ఇష్టమైన భాగం, యజమానికి అంత పనికొచ్చేది కాదు. త్వరగా ముగించవచ్చు. మూడు నెలల 1,000 చిల్లర బిల్లుల్లో ఆవకాయ 500, అప్పడం 600, రెండూ కలిసి 330. ఆవకాయ కొన్నవారిలో 66 శాతం అప్పడం కొన్నారు అంటే గొప్పగా వినిపిస్తుంది. కానీ అందరిలోనూ 60 శాతం కొంటారు, లిఫ్ట్ (66ను 60తో భాగిస్తే వచ్చేది) 1.1 మాత్రమే. గోంగూర 80, వడియాలు 100, రెండూ కలిసి 24 అయితే లిఫ్ట్ 3. అది గమనించదగ్గది, అయినా 24 బిల్లుల మీద నిలబడింది కాబట్టి గట్టిగా చెప్పలేం. ఇక్కడ చేసే తప్పు ఒకటే: టోకు బిల్లుల్ని తీయకపోవడం. కిరాణా కొట్టు ఒకే బిల్లులో 20 రకాలు తీసుకుంటుంది, దాంతో ప్రతిదీ ప్రతిదానితోనూ కొంటున్నట్టు కనిపిస్తుంది.

మెసేజ్ పరీక్ష

ప్రశ్న దగ్గరికి ఇప్పుడు రావచ్చు. రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు కొన్న ఆ 600 మందినే లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేయాలి. ఇష్టమొచ్చిన సంఖ్య ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్ వేసి, విలువలుగా అతికించి, ఆ తర్వాతే క్రమం పెట్టాలి. అతికించకపోతే షీట్ కదిలినప్పుడల్లా గుంపులు మారిపోతాయి. 300 మందికి మెసేజ్, 300 మందికి లేదు. 30 రోజుల్లో మెసేజ్ వెళ్లినవారిలో 75 మంది వచ్చారు, వెళ్లనివారిలో 60 మంది.

క్లాసులో మొదట వచ్చే మాట, ‘75 బిల్లులు, ఒక్కోటి 400, మెసేజ్ 30,000 రూపాయలు తెచ్చింది’. మెసేజ్ లేకపోయినా 60 మంది వచ్చేవారే. అదనంగా వచ్చింది 15 మంది. 400 బిల్లు మీద లాభం 30 శాతం, అంటే 120 రూపాయలు. తగ్గింపు 40 రూపాయలు, అది 75 మందికీ ఇచ్చారు. మెసేజ్ లేకుండా 60 మంది మీద లాభం 7,200. మెసేజ్‌తో 75 మంది మీద, తలకు 80 చొప్పున, 6,000. అదనపు జనం వచ్చి 1,200 రూపాయలు నష్టం. మెసేజ్ ఖర్చు ఇంకా కలపలేదు.

ఈ లెక్క అయ్యాక బోర్డు మీద రెండోది వేయాలి. 25 శాతానికీ 20 శాతానికీ ఉన్న 5 పాయింట్ల తేడా నిజమేనా? గుంపుకు 300 మంది, మామూలుగా వచ్చేది 20 శాతం. 0.20ని 0.80తో గుణించి 300తో భాగించి వర్గమూలం తీస్తే 0.023. దాన్ని 4తో గుణిస్తే దాదాపు 9 పాయింట్లు. నమ్మకంగా పట్టగలిగే కనీస తేడా అంత, మామూలుగా వాడే లెక్కన: లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతం, ఉన్న తేడాను పట్టే అవకాశం 80 శాతం. 5 పాయింట్ల తేడా పట్టాలంటే గుంపుకు వెయ్యిమందికి పైగా కావాలి, కొట్టుకు అంతమంది లేరు. మరి పరీక్ష వృథానా? కాదు. 40 రూపాయల తగ్గింపు గిట్టాలంటే మెసేజ్ గుంపులో 90 మంది రావాలి: 90ని 80తో గుణిస్తే 7,200. అంటే 20 శాతం 30 శాతం కావాలి. ఆ 10 పాయింట్ల తేడా వచ్చి ఉంటే ఈ పరీక్షలో చాలావరకు కనబడేది. ‘గిట్టే స్థాయి ఎక్కడ, మన పరీక్ష అక్కడ చూడగలదా’ అని అడగడం అలవాటైతే చాలు, పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) మీద గంట ఉపన్యాసం అక్కర్లేదు.

వెబ్ అనలిటిక్స్ మీద రెండు తరగతులు చాలు, ఈ కొట్టుకు వెబ్‌సైటే లేదు. ఒక్క హెచ్చరిక: గూగుల్ యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న లెక్కలు తీసుకోవడం ఆపేసింది. పాత ప్రశ్నాపత్రాల్లోని బౌన్స్ రేటు (సైటుకు వచ్చి వెంటనే వెళ్లిపోయినవారి శాతం) నిర్వచనం దాని తర్వాత వచ్చిన గూగుల్ అనలిటిక్స్ 4లో చెల్లదు. 10 సెకన్లకు పైగా నిలిచినా, రెండు పేజీలు చూసినా, కీలక చర్య ఒకటి జరిగినా ఇప్పుడు బౌన్స్ కాదు.

మార్కులు

100లో పట్టికకు 30, జతల పట్టిక, క్యాలెండరు, నోట్స్ షీట్లకు 20, విశ్లేషణకు 20, యజమానికి ఒక పేజీ చీటీకి 20, వైవాకు 10. చీటీ తెలుగులోనో ఒడియాలోనో రాయాలి, యజమాని చదివే భాషలో. గ్రాఫు ఒకటి మించకూడదు. మొదటి వాక్యంలో నిర్ణయం ఉండాలి: ‘10 శాతం తగ్గింపు మెసేజ్ పంపవద్దండి. పండగకు వచ్చే బయటూరివారిని పక్కన పెట్టి, మానేసిన వారికి మాత్రం కొత్త ఆవకాయ వచ్చిందన్న కబురు, తగ్గింపు లేకుండా పంపి చూడండి.’ ఆ మెసేజ్‌కు కూడా సగంమందిని వదిలి పెట్టమని రాసిన జట్టుకు పాఠం ఎక్కిందని తెలుస్తుంది.

వైవాలో చీటీలోని ఒక అంకె మీద వేలు పెట్టి ‘ఇది ఏ గడి నుంచి వచ్చింది, తెరిచి చూపించు’ అంటే చాలు. ఫైలు తెరిచి, పివట్ విప్పి, అడుగు వరుసల దాకా వెళ్లగలిగితే పని వాళ్లు చేసిందే. జట్టులో నలుగురినీ వేర్వేరు అంకెల మీద అడగాలి.

తర్వాతి బ్యాచ్‌కు అదే ఫైలు ఇస్తే జవాబులు సీనియర్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. మొత్తం మార్చనక్కర్లేదు. కొట్టు నంబరు పడిన వరుసల్ని ఇద్దరు నకిలీ ఖాతాదారులుగా విడగొట్టండి, టోకు బిల్లుల్లో కొన్నిటి కొనుగోలు రకం గడి ఖాళీ చేయండి, లాభం శాతాన్ని 30 నుంచి 45కి పెంచండి. 45 శాతం దగ్గర అవే 75, 60 అంకెలతో మెసేజ్‌తో 10,500, లేకుండా 10,800 వస్తుంది. నష్టం 300 రూపాయలే. అప్పుడు మెసేజ్ ఆపాలా, తగ్గింపును 5 శాతానికి దించి చూడాలా అన్న వాదం నిజంగానే రెండు వైపులా సాగుతుంది.